డోనర్ గుడ్డుతో గర్భం: చేతికొచ్చే ఏడు గుడ్లు వృథా కాకుండా ఎలా ముందుకెళ్లాలి

డోనర్ ఎగ్ ఐవీఎఫ్‌కు, అంటే మరో స్త్రీ దానం చేసిన గుడ్డుతో ల్యాబులో పిండం చేయించుకునే చికిత్సకు, వెళ్లే జంట మందుల పేర్లకంటే ముందు ఒక అంకె గుర్తుపెట్టుకోవాలి. అది ఏడు. 2021 నాటి ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం ప్రకారం ఒక దాత జీవితంలో ఒక్కసారే గుడ్లు ఇవ్వాలి. ఆమె నుంచి ఏడుకు మించి తీయకూడదు. ఆ గుడ్లు ఒక్క జంటకే ఇవ్వాలి, ఇద్దరు ముగ్గురికి పంచకూడదు. అమెరికా వెబ్‌సైట్లలో పదిహేను, ఇరవై గుడ్లు వచ్చాయని చదివి ఆ లెక్కతో క్లినిక్ మెట్లెక్కితే నిరాశ తప్పదు.

ఏడు గుడ్ల లెక్క ఇలా సాగుతుంది. అన్నీ పక్వమైనవే అనుకుందాం. ఇక్సీ (ఒక్కో గుడ్డులోకి ఒక్కో శుక్రకణాన్ని సూదితో ఎక్కించడం) చేస్తే వాటిలో నాలుగైదు ఫలదీకరణ చెందుతాయి. ఐదో రోజుకు బ్లాస్టోసిస్ట్ దశ (గర్భసంచిలో పెట్టడానికి తగినంత ఎదిగిన పిండం) చేరేవి అందులో దాదాపు సగం. అంటే చేతికొచ్చేవి రెండు, అదృష్టం బాగుంటే మూడు పిండాలు. ఫ్రీజ్ చేసిన గుడ్లయితే కరిగించేటప్పుడే ఒకటి పోవచ్చు. కాబట్టి గర్భసంచి, థైరాయిడ్, భర్త వీర్యం, కాగితాలు అన్నీ గుడ్లు రాకముందే సరిచేసుకోవాలి. గుడ్లు వచ్చాక ఒకటొకటిగా చూసుకుందాంలే అనుకునే వాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

ముందు, డోనర్ గుడ్డు నిజంగా అవసరమేనా?

ఏఎంహెచ్ తక్కువగా ఉందన్న ఒక్క రిపోర్టు పట్టుకుని డోనర్ అంటే వెంటనే ఒప్పుకోకండి. ఏఎంహెచ్ చెప్పేది గుడ్ల సంఖ్య, నాణ్యత కాదు. ముప్పై ఏళ్ల అమ్మాయికి ఏఎంహెచ్ 0.6 ఉన్నా ఆమె గుడ్డు ముప్పై ఏళ్ల గుడ్డే. అలాంటప్పుడు సొంత గుడ్లతో కనీసం ఒక ప్రయత్నం అడగడం మీ హక్కు.

డోనర్ గుడ్డు సరైన దారి అయ్యే సందర్భాలు వేరు. నలభై లోపే నెలసరి ఆగిపోయి, ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను ప్రేరేపించే హార్మోన్) నాలుగు వారాల తేడాతో రెండుసార్లూ ఎక్కువగా రావడం ఒకటి. కీమో, రేడియేషన్ తీసుకున్నవారు, అండాశయాలు తీసేసినవారు, టర్నర్ సిండ్రోమ్ (పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోము లోపించడం) ఉన్నవారు కూడా ఈ కోవలోకే వస్తారు. 43 దాటాక సొంత గుడ్లతో ఐవీఎఫ్ చేస్తే బిడ్డ పుట్టే అవకాశం చాలా తక్కువ. రెండు మూడు సైకిల్స్‌లో ఒక్క మంచి పిండమూ తయారు కాకపోయినా ఆలోచించవచ్చు. మేనరికం వల్ల ఇద్దరూ ఒకే జన్యులోపానికి క్యారియర్లయి, పిండాలను జన్యు పరీక్ష చేసే దారి కుదరనప్పుడు కూడా కొందరు దీన్ని ఎంచుకుంటారు.

టర్నర్ ఉన్నవారికి ఒక హెచ్చరిక. గర్భంలో బృహద్ధమని చీలే ప్రమాదం ఉన్నందున, గుండె డాక్టర్ ఎకో, అవసరమైతే ఎంఆర్‌ఐ చూసి సరే అన్నాకే ముందుకెళ్లాలి. ఇందులో మొహమాటానికి తావు లేదు.

వయసు గడువు కూడా చూసుకోండి. చట్టం ప్రకారం స్త్రీకి 21 దాటి 50 లోపు, పురుషుడికి 21 దాటి 55 లోపు ఉండాలి. 2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ల మహిళ డోనర్ గుడ్లతో కవలల్ని కన్న వార్త చూసి ఇప్పటికీ అడిగేవారున్నారు. అది చట్టం రాకముందు సంగతి. ఇప్పుడు 48, 49లో ఉన్నవారు దాత కోసం వెయిటింగ్‌లో నెలలు పోగొట్టుకోకూడదు.

క్లినిక్, బ్యాంకు: కాగితం చూసి నమ్మండి

ఐవీఎఫ్ చేయాలంటే క్లినిక్‌కు లెవెల్ 2 రిజిస్ట్రేషన్ ఉండాలి. లెవెల్ 1 వాళ్లు ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) వరకే చేయాలి. గుడ్లు ఇచ్చే ఏఆర్‌టీ బ్యాంకుకు విడిగా మరో రిజిస్ట్రేషన్ ఉంటుంది. దాతను వెతికేదీ, పరీక్షలు చేయించేదీ, ఆధార్‌తో సహా ఆమె వివరాలు భద్రపరిచేదీ బ్యాంకే. రెండింటి నంబర్లూ రాసుకుని జాతీయ ఏఆర్‌టీ, సరోగసీ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో సరిచూడండి. గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్‌లో చిరునామా, గడువు తేదీ చదవండి. అదే పేరుతో పది బ్రాంచీలున్నా రిజిస్ట్రేషన్ ఒక్కదానికే ఉండొచ్చు.

ఇంత పట్టుదల ఎందుకంటారా? 2025లో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసులో, సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డ అని అప్పగించిన శిశువుకు ఆ దంపతులతో సంబంధమే లేదని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది.

"మా చెల్లెలు ఇస్తానంటోంది" అని చాలామంది అడుగుతారు. ఇక్కడ డోనర్ గుడ్లు బ్యాంకు ద్వారానే క్లినిక్‌కు రావాలి. దాత ఎవరో మీకు తెలియదు, మీరెవరో ఆమెకు తెలియదు. ఇంట్లోవాళ్ల గుడ్డు నేరుగా తీసి వాడే పద్ధతి లేదు. అలా చేసిపెడతామనే చోట మిగతా నిబంధనలు ఎలా పాటిస్తారో మీరే ఊహించుకోండి.

గుడ్లు అమ్మడం, కొనడం నేరం. మీరు కట్టేది బ్యాంకు సేవలకు, దాత వైద్య ఖర్చులకు, ఆమె పేరిట 12 నెలల బీమాకు. ఆ బీమా పాలసీ కాపీ అడగండి. దాతకు మత్తిచ్చి సూదితో గుడ్లు తీస్తారు, రక్తస్రావం కావచ్చు, అండాశయాలు ఉబ్బే ఓహెచ్‌ఎస్‌ఎస్ రావచ్చు. బీమా లేకుండా ఆమెను టేబుల్ ఎక్కించడం చట్టవిరుద్ధమే కాదు, అన్యాయం కూడా.

ఎస్టిమేటు ఒకే మొత్తంగా తీసుకోకండి. బ్యాంకు ఖర్చు, దాత మందులు, బీమా, ఇక్సీ, బ్లాస్టోసిస్ట్ కల్చర్, ఫ్రీజింగ్, ఏటా నిల్వ ఛార్జీ, రెండో ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) అయితే ఎంత, ఇవన్నీ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. "ప్యాకేజీలో అన్నీ ఉన్నాయమ్మా" అన్నచోటే రెండో ట్రాన్స్‌ఫర్‌కు కొత్త బిల్లు వస్తుంది.

విదేశాల్లో ఉంటూ ఇక్కడ చేయించుకునే తెలుగువాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. సొంత పిండాలను దేశం దాటించాలన్నా జాతీయ బోర్డు అనుమతి కావాలి. మిగిలిన పిండాలను టెక్సస్‌కు తీసుకెళ్లి అక్కడ పెట్టించుకుందాం అనే ప్లాను మొదటిరోజే క్లినిక్‌తో మాట్లాడండి.

ఒళ్లు సిద్ధం చేసుకునే మూడు నెలలు

రక్తంలో హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), రుబెల్లా ఐజీజీ (ఆ జబ్బుపై రక్షణ), హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్) చేయిస్తారు. టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా చాలామంది డాక్టర్లు చూస్తారు. హెచ్‌బీఏ1సీ 6.5 దాటి ఉంటే ముందు షుగర్ సంగతి చూసుకోవాలి. రుబెల్లా రక్షణ లేకపోతే టీకా వేయించుకుని నెల ఆగాలి. ఈ ఒక్కటి ముందే చూసుకోక, డోనర్ గుడ్లు సిద్ధమయ్యాక ట్రాన్స్‌ఫర్ వాయిదా వేసుకున్నవారున్నారు. నలభై దాటినవారు పాప్ స్మియర్, మామోగ్రామ్, ఈసీజీ, ఎకో కూడా చేయించుకోవాలి. ఫోలిక్ యాసిడ్ రోజుకు కనీసం 400 మైక్రోగ్రాములు ఇప్పుడే మొదలుపెట్టండి.

గర్భసంచి లోపలి భాగాన్ని 3డీ స్కాన్‌తోనో హిస్టెరోస్కోపీతోనో (లోపలికి సన్నని కెమెరా పంపి) చూడాలి. పాలిప్, లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్, అతుకులు ఉంటే ముందు తీసేయాలి. టీబీ వచ్చి తగ్గినవారిలో గర్భసంచి లోపలి పొర అతుక్కుపోయి ఉండే అవకాశం ఎక్కువ, దాచకుండా చెప్పండి. ట్యూబులో నీరు చేరి ఉబ్బితే, అంటే హైడ్రోసాల్పింక్స్ ఉంటే, ఆ నీరు గర్భసంచిలోకి కారి పిండాన్ని అంటుకోనివ్వదు. ఆ ట్యూబును తీసేయడమో మూసేయడమో చేశాకే ట్రాన్స్‌ఫర్. "డోనర్ గుడ్డు కదా, ట్యూబులతో పనేముంది" అనడం పొరపాటు.

భర్త పరీక్షలను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఏడు గుడ్లలో సగం పని వీర్యానిదే. సెమెన్ పరీక్ష రెండుసార్లు చేయించండి. కౌంటు బాగా తక్కువగా ఉంటే కారియోటైప్ (క్రోమోజోముల పరీక్ష) కూడా. పొగ, గుట్కా మూడు నెలల ముందే మానేయాలి, ఎందుకంటే ఈరోజు తయారవడం మొదలైన శుక్రకణం పక్వానికి రావడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఆయన గల్ఫ్‌లోనో షిప్పులోనో పనిచేస్తుంటే శాంపిల్ ముందే ఫ్రీజ్ చేయించి పెట్టండి. గుడ్లు తీసిన రోజు ఫ్లైట్ లేటయితే ఇక చేయగలిగింది ఉండదు.

దాత ఎంపికలో ఏం అడగాలి

దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. పేరు, ఫొటో, ఊరు మీకు చెప్పరు. వయసు, ఎత్తు, రంగు, చదువు, బ్లడ్ గ్రూప్ చెబుతారు. ఎక్కువమంది రంగు, కులం గురించి అడిగి ఆగిపోతారు. అసలు అడగాల్సినవి ఇవి: ఏఎంహెచ్, యాంట్రల్ ఫాలికిల్ కౌంట్ (స్కాన్‌లో కనిపించే గుడ్ల సంచుల లెక్క), హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ రిపోర్టుల తేదీలు, కారియోటైప్, హీమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ (తలసీమియా, సికిల్ సెల్ పట్టించే రక్తపరీక్ష). చివరిది మరిచిపోవద్దు. మీ భర్త తలసీమియా లేదా సికిల్ సెల్ క్యారియర్ అయితే దాత హెచ్‌పీఎల్‌సీ నార్మల్‌గా ఉండి తీరాలి. లేకపోతే ప్రతి పిండానికీ నాలుగింట ఒక వంతు జబ్బు రిస్కు.

బ్లడ్ గ్రూప్ మ్యాచింగ్ వైద్యపరంగా తప్పనిసరి కాదు, కానీ మన ఇళ్లలో దానికో పని ఉంది. భార్యాభర్తలిద్దరూ ఓ (O) గ్రూప్ అయి బిడ్డ ఏ (A) గ్రూప్‌తో పుడితే, చుట్టాల్లో సైన్సు చదివినవాళ్లు ఎవరో ఒకరు లెక్క కడతారు. ఎవరికీ చెప్పదలచుకోనివారు గ్రూప్ కలిసేలా అడగండి.

ఆర్‌హెచ్ (గ్రూప్ పక్కన ఉండే పాజిటివ్, నెగెటివ్) విషయం మాత్రం వైద్యపరంగానే ముఖ్యం. మీరూ మీ భర్తా ఇద్దరూ నెగెటివ్ అయితే మామూలుగా యాంటీ-డీ ఇంజెక్షన్ (తల్లి ఒళ్లు బిడ్డ రక్తకణాలకు ఎదురు తిరగకుండా ఆపేది) అక్కర్లేదు. దాత పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ కావచ్చు, అప్పుడు ఇంజెక్షన్ కావాలి. డెలివరీ డాక్టర్‌కు సంగతి తెలియకపోతే మీ ఇద్దరి గ్రూపులూ చూసి వదిలేస్తారు.

తాజా గుడ్లా, ఫ్రీజ్ చేసినవా అన్నది తర్వాతి ప్రశ్న. తాజావైతే కరిగించడంలో పోయేవి ఉండవు. కానీ దాత సైకిల్ పాడైతే మీదీ ఆగిపోతుంది. ఫ్రోజెన్ అయితే తేదీ మీ చేతిలో ఉంటుంది. ఏదైనా ఒక్క మాట రాతపూర్వకంగా తీసుకోండి: మాకు ఇచ్చేవి మొత్తం ఎన్ని, అందులో పక్వమైనవి, అంటే ఎం2 దశవి ఎన్ని? మా సలహా అడిగితే, తాజా గుడ్లతో పిండాలు చేసి, వాటిని ఫ్రీజ్ చేసి, మీ పొర బాగున్న నెలలో పెట్టించుకోవడం మేలు. పిండాలు ఫ్రీజర్‌లో ఉంటే హడావిడి ఉండదు.

దాత వయసు తక్కువ కాబట్టి పీజీటీ-ఏ (పిండం క్రోమోజోముల) పరీక్షతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఉన్న రెండు పిండాలను బయాప్సీ చేయించడం కంటే ఒకదాని తర్వాత ఒకటి పెట్టించుకోవడమే నయం. ఆడా మగా చూసి పెడతామనేవారి దగ్గరి నుంచి లేచి వచ్చేయండి. అది నేరం.

పొర తయారీ, రోజుల లెక్క

నెలసరి సక్రమంగా వచ్చేవారు నేచురల్ సైకిల్ (మీ సొంత నెలసరితోనే పొరను పెరగనివ్వడం) కుదురుతుందా అని అడగండి. మీ అండాశయమే ప్రొజెస్టిరాన్ (గర్భాన్ని నిలిపే హార్మోన్) తయారుచేస్తుంది, తర్వాత బీపీ రిస్కూ కొంత తక్కువ. నెలసరి ఆగినవారికి మందుల సైకిల్ తప్పదు.

మందుల సైకిల్‌లో రెండో రోజు నుంచి పొరను పెంచే ఎస్ట్రాడయాల్ వాలరేట్ 2 మి.గ్రా. మాత్రలు, సాధారణంగా రోజుకు మూడు. ఇంతకుముందు కాలిలోనో ఊపిరితిత్తిలోనో రక్తం గడ్డకట్టి ఉంటే, కళ్లముందు మెరుపులతో మైగ్రేన్ వస్తుంటే మొదటి మాత్రకు ముందే చెప్పాలి. పది పన్నెండు రోజులకు స్కాన్‌లో పొర 7 మి.మీ. దాటి, మూడు గీతలుగా కనిపించాలి. దాటకపోతే మాత్రలు ఇంకొన్ని రోజులు పొడిగిస్తారు. అప్పటికీ 6 దగ్గరే ఆగితే ఆ నెల వదిలేయమనండి. తొందరపడి పలచని పొర మీద పెట్టించుకుంటే మీకున్న రెండింట్లో ఒక పిండం పోయినట్టే.

పొర సరిపోయాక ప్రొజెస్టిరాన్ మొదలవుతుంది. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఐదో రోజు పిండాన్ని ప్రొజెస్టిరాన్ ఐదు రోజులు పూర్తయ్యాక పెట్టాలి. మొదలుపెట్టిన రోజును సున్నాగా లెక్కేయండి: సోమవారం సున్నా, మంగళవారం ఒకటి, శనివారం ఐదు. ట్రాన్స్‌ఫర్ శనివారం. సోమవారం బదులు మంగళవారం మొదలుపెట్టి చెప్పకుండా ఊరుకుంటే పొర ఒక రోజు వెనకబడి ఉంటుంది. ఒక్క డోసు మరిచిపోయినా ఫోన్ చేసి చెప్పండి, తేదీ జరుపుతారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

యోనిలో పెట్టుకునే 400 మి.గ్రా. క్యాప్సూల్స్ రోజుకు రెండుసార్లు సాధారణం. తెల్లగా కారితే మందు పోయిందని కంగారుపడకండి, కారేది మందును కలిపిన పదార్థం మాత్రమే. ట్రాన్స్‌ఫర్ దగ్గర రక్తంలో ప్రొజెస్టిరాన్ 10 నానోగ్రాములకు తక్కువగా ఉంటే చాలామంది డాక్టర్లు ఇంజెక్షన్ కలుపుతారు. ఆ నూనె ఇంజెక్షన్ పిరుదులో గడ్డ కడుతుంది. వైపులు మార్చి వేయించుకుని, తర్వాత గోరువెచ్చని కాపడం పెట్టండి.

ట్రాన్స్‌ఫర్ రోజు

గంట ముందు నుంచి నీళ్లు తాగి మూత్రం ఆపుకుని వెళ్లాలి. నిండిన మూత్రాశయం గర్భసంచిని కాస్త నిటారుగా తెస్తుంది, పొట్ట మీద స్కాన్‌లో దారి కనిపిస్తుంది. సెంటు, పౌడరు రాసుకోవద్దు. లోపలి నుంచి ఎంబ్రియాలజిస్ట్ మీ పేరు, మీ భర్త పేరు అడుగుతారు. మీరూ డిష్ మీది పేరు చదివి వినిపించమని అడగండి. సన్నటి క్యాథటర్ లోపలికి వెళ్లాక స్కాన్ తెర మీద తెల్లటి చుక్క ఒకటి మెరుస్తుంది. అది పిండం కాదు, దానితోపాటు వెళ్లిన గాలి బుడగ. క్యాథటర్‌ను మైక్రోస్కోప్ కింద చూసి పిండం అందులో మిగిలిపోలేదని చెప్పేదాకా కదలకండి. అంతా కలిపి పది నిమిషాల పని, మత్తు అక్కర్లేదు.

ఒక్క పిండమే పెట్టించుకోండి. "రెండు పెడితే ఒకటైనా నిలుస్తుంది" అనే మాట సొంత గుడ్లతో నలభై దాటినవారి విషయంలో చెప్పేది. యువ దాత గుడ్డుతో చేసిన మంచి బ్లాస్టోసిస్ట్ ఒక్కోసారికి సగం దాకా నిలిచే అవకాశం ఉన్నదే. రెండు పెడితే కవలలయ్యే అవకాశం ఎక్కువ. నలభై దాటిన ఒంటికి, పైగా డోనర్ గుడ్డు గర్భానికి, కవలలంటే బీపీ, నెలలు నిండకముందే కాన్పు, ఎన్‌ఐసీయూ బిల్లు.

తర్వాత మంచం మీదే పడుకుని ఉండటం వల్ల లాభం లేదు. లేచి నడిస్తే పిండం జారిపోదు. మెట్లు ఎక్కండి, వంట చేయండి, ఆఫీసుకు వెళ్లండి. బరువులు, కలయిక పక్కన పెట్టండి. మచ్చలుగా రక్తం కనిపించినా ప్రొజెస్టిరాన్ మీ అంతట మీరు ఆపకండి. మందుల సైకిల్‌లో మీ ఒంట్లో సొంతంగా తయారయ్యే ప్రొజెస్టిరాన్ ఉండదు, ఆపితే నిలిచిన గర్భమూ పోతుంది. 10 నుంచి 12 వారాల దాకా కొనసాగాలి.

బీటా హెచ్‌సీజీ (గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష) పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య చేయిస్తారు. మధ్యలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఏదైనా ఇచ్చి ఉంటే ఇంట్లో చేసే టెస్టులో దొంగ గీత వస్తుంది. ఒక అంకె చూసి సంబరపడక 48 గంటల తర్వాత మళ్లీ చేయించి పెరుగుదల చూడండి. ఆరు, ఏడు వారాలకు స్కాన్. ఈలోగా ఒకవైపు కడుపునొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ట్యూబులో గర్భం అనుమానించి వెంటనే ఆసుపత్రికి.

నిలవకపోతే? తొందరపడి ఇంకో దాత వద్దు. మిగిలిన పిండం ఉంది. ముందు హిస్టెరోస్కోపీ చేయించి, పొరలో దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ ఉందేమో సీడీ138 పరీక్షతో చూడండి. వీర్యం డీఎన్‌ఏ ఫ్రాగ్మెంటేషన్ (శుక్రకణాల డీఎన్‌ఏ ఎంత ముక్కలైందో) చూడండి. ఇంట్రాలిపిడ్ (కొవ్వు ద్రవం) సెలైన్లు, గర్భసంచి గీకడం, పీఆర్‌పీ (సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ ద్రవం) లాంటివి రాస్తే వాటితో పిల్లలు పుట్టే రేటు పెరిగిందన్న రుజువు ఏదని అడగండి. మిగిలిన పిండాలను చట్టం ప్రకారం పదేళ్ల దాకా నిల్వ ఉంచవచ్చు. రెన్యూవల్ తేదీ ఫోన్‌లో పెట్టుకోండి.

గర్భం నిలిచాక

తేదీ లెక్క: ఐదో రోజు పిండం పెట్టిన రోజుకు 261 రోజులు కలపండి. మార్చి 10న పెట్టించుకుంటే నవంబరు 26 డ్యూ డేట్. చివరి నెలసరి తేదీ అడిగినప్పుడు ట్రాన్స్‌ఫర్‌కు 19 రోజుల ముందు తేదీ, అంటే ఫిబ్రవరి 19, చెప్పండి.

మూడో నెల ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ (బిడ్డకు డౌన్ సిండ్రోమ్ రిస్కు లెక్కగట్టే పరీక్షలు) ఫారంలో వయసు గడి ఉంటుంది. అక్కడ మీ వయసు కాదు, గుడ్లు తీసిన రోజున దాత వయసు వేయాలి. 44 అని వేస్తే డౌన్ సిండ్రోమ్ రిస్కు లేనిపోనిది ఎక్కువగా చూపించి, అక్కర్లేని ఉమ్మనీటి పరీక్ష దాకా తీసుకెళుతుంది. ఎన్‌ఐపీటీ (తల్లి రక్తం నుంచే బిడ్డ క్రోమోజోములు చూసే పరీక్ష) చేయిస్తే డోనర్ ఎగ్ అని రాయాలి. దాని పద్ధతినిబట్టి కొన్ని ల్యాబుల పరీక్ష పనికిరాదు.

డోనర్ గుడ్డు గర్భంలో ప్రీఎక్లాంప్సియా, అంటే బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోవడం, సొంత గుడ్డుతో ఐవీఎఫ్ చేయించుకున్నవారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. బిడ్డ జన్యువుల్లో మీ సగం లేకపోవడంతో మీ రోగనిరోధక వ్యవస్థ మావితో సర్దుకోవడం కష్టమవుతుందని భావిస్తారు. అందుకే 12వ వారం నుంచి 36 దాకా రాత్రిపూట తక్కువ మోతాదు ఆస్పిరిన్, తరచుగా 150 మి.గ్రా., రాస్తారు. రాయకపోతే మీరే అడగండి, కానీ మీరే కొని వేసుకోకండి. ఇంట్లో బీపీ మిషను కొనండి. 140/90 దాటినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, పక్కటెముకల కింద నొప్పి వచ్చినా ఆగకుండా వెళ్లాలి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి పంపుతారు. అక్కడ డాక్టరు వేరు, ఫైలు మోసేది అమ్మో వదినో. డోనర్ గుడ్డు సంగతి బయటపడుతుందని ఆ ఫైలును ఇక్కడే వదిలేసి వెళ్లేవారున్నారు. అలా వెళితే కాన్పు చేసే డాక్టరుకు బీపీ రిస్కూ తెలియదు, ఆర్‌హెచ్ సంగతీ తెలియదు. ఐవీఎఫ్ క్లినిక్ నుంచి ఒక పేజీ లెటర్ రాయించుకోండి: డోనర్ ఎగ్, దాత వయసు, బ్లడ్ గ్రూప్, ట్రాన్స్‌ఫర్ తేదీ, వాడిన మందులు. దాని ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకుని, అందరినీ గది బయట ఉండమని డాక్టరుకు ఒక్కరికే చూపించండి. కాన్పు అయ్యాక కూడా ఆరు వారాల వరకు ఈ బీపీ రావచ్చు, కాబట్టి మిషను పుట్టింటికి వెంట తీసుకెళ్లి మొదటి పది రోజులూ పొద్దునా సాయంత్రం చూసుకోండి.